ఎర్రపెన్సిలు కొట్టేసిన మాటలు

"పుస్తకం ఆలస్యమవుతుందంటారా?" అని అడిగాడు పబ్లిషరు.

మాస్టారి శవాన్ని కిందికి దించి గంట కూడా కాలేదు. ఈ మహానుభావుడు నన్ను గేటు దగ్గరే పట్టుకుని అడిగిన మొదటి మాట అది. నా బదులు కోసం ఆగకుండా తనే అందుకున్నాడు.

"అంటే... పుస్తకం చుట్టూ ఒక కాగితం పట్టీ వేద్దామనుకుంటున్నానండీ. 'రచయిత ప్రాణం తీసిన కథలు' అని. ఎలా ఉంది?"

"తప్పుకోండి. వాంతొచ్చేలా ఉంది" అన్నాను.

ఊరికే అన్నమాట కాదు. ఆరో తరగతిలో నాకు తెలుగు చెప్పిన మాస్టారు ఆయన. రిటైరయ్యాక ఈ పబ్లిషరే ఆయన్ని పిలిచి పని అప్పజెప్పాడు. ఒకప్పుడు రేడియోలో జనాన్ని కదలనివ్వకుండా కూర్చోబెట్టిన డిటెక్టివ్ నాటకాలు నలభై ఉన్నాయి. వాటిని టేపులో వింటూ కథలుగా మార్చాలి. తన ఆఫీసు పై అంతస్తులో ఒక గది, ఒక టేపు యంత్రం, చెవులకు హెడ్‌ఫోను. ముప్ఫై తొమ్మిది కథలు అయిపోయాయి. నలభయ్యోది రాస్తుండగా ఇవాళ మధ్యాహ్నం ఎవరో వెనకనుంచి వచ్చి, కాగితాలు ఎగరకుండా పెట్టుకునే ఇత్తడి గుండుతో ఆయన తల పగలగొట్టారు.

నాకు ఫోను చేసింది ఆయన మేనకోడలు. మాస్టారు రాసినవన్నీ టైపు చేసేది ఆ అమ్మాయే. ఇప్పుడు కింద ఆఫీసు గదిలో, మహిళా కానిస్టేబులు పక్కన, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"నేను చంపలేదండీ. మావయ్యకి క్యారియరిచ్చి వెంటనే వచ్చేశాను. నాలుగింటికి మా పాప స్కూలు వదులుతారు. మా ఆయన ఊళ్లో లేరు. నన్ను తీసుకుపోతే దాన్ని ఎవరు తీసుకొస్తారండీ?"

"నువ్వే తీసుకొస్తావు. కూర్చో" అన్నాను. అప్పటికి టైము రెండూ పది.

పైన గది గుమ్మంలో మా మరిది అడ్డంగా నిలబడ్డాడు. నా సొంత చెల్లెలి మొగుడు, ఈ స్టేషనుకి ఇన్‌స్పెక్టరు. ఇంట్లో వదినగారూ వదినగారూ అంటూ పీట వేస్తాడు. డ్యూటీలో నేను కనిపిస్తే మాత్రం కంట్లో నలుసు పడినట్టు మొహం పెడతాడు.

"వదినగారూ, ఇది మీరు కూపీలు లాగిన పాత ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిము కాదు. హత్య. కందకు లేని దురద కత్తిపీటకెందుకు చెప్పండి?"

"కందకి దురద లేదు కాబట్టే వచ్చానయ్యా. నేరం ఎవరిమీద పెట్టావ్?"

"పెట్టేదేముంది, సాక్షి ఉన్నాడు. గేటు పుస్తకంలో మేనకోడలు వచ్చింది పన్నెండింటికి, వెళ్లింది పన్నెండూ పదికి. మధ్యలో గొడవ, దెబ్బ. మూడున్నరకల్లా కోర్టుకి తీసుకెళ్తున్నాను. టేపులో గొంతు వేసి ఎవరో మోసం చేశారని మొదలెట్టకండి. ఆ సినిమాలు నేనూ చూశాను."

"అంత తెలివైనవాడు ఇక్కడ ఎవడున్నాడు గానీ, నీ సాక్షిని చూపించు."

సాక్షి వరండాలో, గదికి ఎదురుగా పేము కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన్ని అందరూ కంచుకంఠం గారంటారు. ఆ నలభై నాటకాలు రాసిందీ, అందులో డిటెక్టివు వేషం వేసిందీ ఆయనే. మాస్టారి కథలు తన నాటకాలకు అన్యాయం చెయ్యకుండా చూసుకోవడానికి రోజూ వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంటాడట. డెబ్బై దాటినా గొంతు మాత్రం గది గోడలు దాటి వినిపిస్తోంది.

"రామ్మా, రా. ఎంత దారుణం! ఎంత దారుణం!" అన్నాడు. ఒక్కో 'దారుణా'నికి ఒక్కో స్థాయి.

"ఏం విన్నారో మొదట్నుంచి చెప్పండి."

కంచుకంఠం గొంతు సవరించుకున్నాడు. "సరిగ్గా పన్నెండూ అయిదు. లోపల్నుంచి ఆ అమ్మాయి గొంతు. 'మావయ్యా! మీ చేతిలో ఉన్నది నా ఉత్తరం కదూ? అయ్యయ్యో, దాన్ని ముక్కలు ముక్కలుగా చింపేస్తున్నారే!' అంది. అప్పుడు మాస్టారు, 'అమ్మాయీ! తలుపు గడియ ఎందుకు వేస్తున్నావు? ఆ ఇత్తడి గుండు చేతిలోకి తీసుకున్నావేం? కింద పెట్టు!' అన్నారు. 'నా దారికి మీరొక్కరే అడ్డం మావయ్యా!' అందా అమ్మాయి. ఆ తర్వాత ధబ్బుమని ఒక చప్పుడు. అంతే, నిశ్శబ్దం."

మేనకోడలు గొంతు సన్నగా పలికాడు, మాస్టారి గొంతు వణికించాడు. తల పగిలి చచ్చిపోయిన మనిషిని, ఆ చచ్చిన గదికి మూడు గజాల దూరంలో కూర్చుని అనుకరిస్తున్నాడు! మా మరిది మాత్రం మంత్రం వేసినట్టు వింటున్నాడు.

"ధబ్బుమన్న చప్పుడు విని మీరేం చేశారు?"

"ఇంటి గొడవలో పరాయివాడు తల దూర్చకూడదు కదమ్మా. పుస్తకాలేవో పడ్డాయనుకున్నాను. పన్నెండూ పదికి ఆ పిల్ల కాగితం ముక్కలు గుప్పిట్లో పట్టుకుని మెట్లు దిగిపోయింది. నాకెందుకో మనసు కీడు శంకించింది. పన్నెండున్నరకు తలుపు తోశాను. చూశాను. అరిచాను."

"పన్నెండూ పది నుంచి పన్నెండున్నర దాకా ఇక్కడే ఉన్నారా? కాళ్లు చాపుకోవడానికైనా లేవలేదా?"

"ఈ కుర్చీలోంచి కదల్లేదు."

"ఈలోగా లోపలికి ఎవరైనా వెళ్లారా? కిటికీకి ఇనప ఊచలున్నాయి. ఉన్నది ఈ ఒక్క తలుపే."

"చీమ కూడా దూరలేదు."

"రాసుకున్నావా మరిదిగారూ?" అన్నాను.

"రాయించి సంతకం కూడా పెట్టించాను" అన్నాడు మా మరిది, మీసం తడుముకుంటూ.

నేను గదిలోకి వెళ్లాను. రక్తం వాసన, దాని మీద ఎవరో చల్లిన ఫినాయిలు వాసన. కిటికీ గట్టు మీద మూత తియ్యని క్యారియరు. ముందు బల్ల మీద కాగితాలు చూశాను. మాస్టారి పద్ధతి చిత్రంగా ఉంది. ప్రతి నాటకానికీ పాత రేడియో స్క్రిప్టు ఎడమ పక్క, ఆయన రాసిన కథ కుడి పక్క. స్క్రిప్టులో మాటల్ని ఎర్రపెన్సిలుతో అడ్డంగా కొట్టేసుకుంటూ పోయారు. 'ఏమిటిది, నీ చేతిలో తుపాకీ!' కొట్టేశారు. 'అరె, దీపం ఆర్పేశావేం?' కొట్టేశారు. 'ఇటు వస్తున్నది మా బావ కాదూ, నల్లకోటు వేసుకున్నాడే!' కొట్టేశారు. ప్రతి దాని పక్కనా మార్జిన్లో ఒకే మాట: 'కనిపిస్తోందిగా!'

నా కాంపోజిషను పుస్తకంలో కూడా ఆయన అలాగే తిట్లు రాసేవారు. ఒక నిమిషం కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

తర్వాత నలభై పేజీలు తిరగేశాను. అప్పుడు అర్థమైంది. రేడియోలో వినేవాడికి ఏమీ కనపడదు కదా! అందుకని మనుషులు ఎదురుగా ఉన్నదాన్ని కూడా నోటితో చెప్పుకోవాలి. తుపాకీ పట్టుకుంటే తుపాకీ పట్టుకున్నావని, గడియ వేస్తే గడియ వేశావని. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. ఎదురుగా గుండు ఎత్తితే 'ఒసేయ్!' అని కేకేస్తారు, లేదా చేతులు అడ్డం పెడతారు. ఇత్తడిదా రాతిదా అని వివరాలు చెప్పుకోరు.

మా మరిదిని లోపలికి పిలిచి ఆ పేజీలు చూపించాను. "నీ సాక్షి చెప్పింది విన్న మాటలు కాదయ్యా, రేడియో నాటకం. ముప్ఫై ఏళ్లు రేడియోలో బతికినవాడు అబద్ధం అల్లినా అలాగే అల్లుతాడు. మాస్టారు బతికుంటే ఆ వాంగ్మూలం మొత్తం ఎర్రపెన్సిలుతో కొట్టేసేవారు."

వాడు చదివాడు. గెడ్డం గోక్కున్నాడు. "బాగానే ఉంది గానీ వదినా, ముసలాయన కాస్త మసాలా కలిపి చెప్పాడనుకుందాం. అంతమాత్రాన హంతకుడైపోతాడా? మేజిస్ట్రేటు నవ్వుతాడు."

నిజమే. వాడికి బుర్ర లేదని కాదు, తొందరెక్కువ. నేను యంత్రం దగ్గర కూర్చున్నాను.

అది వింటూ రాసుకునేవాళ్ల కోసం చేసిన యంత్రం. కుట్టుమిషనుకున్నట్టు బల్లకింద కాలి పెడలు ఉంటుంది. తొక్కితే టేపు తిరుగుతుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. పైన మూడు అంకెల మీటరు. టేపు ముందుకెళ్తే అంకె పెరుగుతుంది, వెనక్కి తిప్పితే తగ్గుతుంది. మాస్టారు కాలు తీసినప్పుడల్లా ఆ అంకెను పేజీ మార్జిన్లో వేసుకున్నారు, మళ్లీ వెతుక్కోకుండా. ఆఖరి పేజీలో వాక్యం సగంలో ఆగిపోయింది. పక్కన అంకె 612.

యంత్రం మీద మాత్రం 871 ఉంది.

"దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"మా ఫొటోగ్రాఫరు వచ్చేసరికి అదే అంకె. ఫొటోలో ఉంది."

"పేజీ మీద నలభయ్యో నాటకం అని రాసి ఉంది. యంత్రంలో ఉన్న టేపు చుట్ట మీద ముప్ఫై తొమ్మిది అని చీటీ ఉంది. ఎవరో చుట్ట మార్చారు, మీటరు అంకె మాత్రం అలాగే ఉండిపోయింది. చూశావా?"

మా మరిది వంగి చీటీ చదివాడు. నలభయ్యో చుట్ట కోసం అలమర, సొరుగులు, చెత్తబుట్ట అన్నీ వెతికించాడు. లేదు.

"పోనీ, దెబ్బ తగిలాక కూడా టేపు దానంతటదే తిరిగిందేమో?" అన్నాడు.

"తొక్కే కాలు చచ్చిపోయాక ఎలా తిరుగుతుంది?"

"ముందే చివరిదాకా విని, వెనక్కి తిప్పుకుని రాసుకుంటున్నాడేమో?"

"వెనక్కి తిప్పితే అంకె కూడా వెనక్కొస్తుంది. నేల చూడు ఒకసారి."

నేల మీద పోలీసులు సుద్దతో శవం కాళ్లు గీశారు. పెడలు బల్లకింద కుడిపక్క ఉంది. సుద్ద గీతలు ఎడమ మూలన ఉన్నాయి, రెండు కాళ్లూ ఒకదాని మీద ఒకటి పడి. మాస్టారి చెప్పులు మాత్రం పెడలు పక్కనే ఉన్నాయి. అంటే ఆయన పడిపోయాక ఎవరో కాళ్లు పట్టుకుని అడ్డం తప్పించారు. తప్పించి, పెడలు దగ్గరికి ఒక స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ స్టూలు అక్కడే ఉంది.

లేచి కిటికీ దగ్గరికి వెళ్లి రెండుసార్లు ఊపిరి పీల్చుకుని వచ్చాను.

"ఆ పెద్దాయన్ని లోపలికి రమ్మను. నీ వాచీ తియ్యి. ఆరువందల పన్నెండు నుంచి ఎనిమిదివందల డెబ్బై ఒకటి దాకా ఎంతసేపు పడుతుందో చూద్దాం."

కంచుకంఠం వచ్చి గోడవారగా నిలబడ్డాడు. ఏ చుట్టయినా వేగం ఒకటే కాబట్టి నేను ఉన్న టేపునే 612కి తిప్పి పెడలు తొక్కాను. హెడ్‌ఫోనులోంచి సన్నగా ఏవో పాత గొంతులు కీచుకీచుమంటున్నాయి. రెండు నిమిషాలకి మా మరిది కాళ్లు మార్చుకున్నాడు. అయిదు నిమిషాలకి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. బల్ల మీద రక్తం ఎండి నల్లబడుతోంది, దాని మీద ఈగలు. ఎనిమిదో నిమిషంలో వాడు "ఇంకా ఎంతసేపు వదినా?" అన్నాడు. నేను కాలు తియ్యలేదు.

871 వచ్చేసరికి పదకొండు నిమిషాల పది సెకన్లు.

"ఇంతసేపు, శవం ముందు కూర్చుని, ఆ శవం చెవులమీంచి తీసిన హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాడు వాడు" అన్నాను. "అమ్మాయి గేటు దాటింది పన్నెండూ పదికి. దెబ్బ పన్నెండూ అయిదు తర్వాతే అని మీరే అన్నారు కదా కంచుకంఠం గారూ. అయిదు నిమిషాల్లో పదకొండు నిమిషాల టేపు ఎవరూ వినలేరు. ఆ తర్వాత చీమ కూడా దూరలేదన్నారు. మరి ఇక్కడ కూర్చుని విన్నది ఎవరండీ?"

ఆయన పెదాలు తడుపుకున్నాడు.

"ఇదంతా లెక్కల గారడీ. ఇన్‌స్పెక్టరు గారూ, నా నాటకాల్లో ఇలాంటి ఎత్తులు నేను నలభై రాశాను."

"రాశారా?" అంది గుమ్మం దగ్గర ఒక గొంతు.

మేనకోడలు. వెనకాలే రొప్పుతూ కానిస్టేబులు. ఆపబోయిందట, ఆగలేదట.

"మీరు రాయలేదని మావయ్యకి నిన్నే తెలిసింది. నలభయ్యో టేపులో చివరి సంగీతం అయిపోయాక కూడా ఎవరూ మైకు కట్టెయ్యలేదట. అందులో ఒకావిడ, 'అన్నయ్యా, నేను రాసిన హంతకుణ్ణి మార్చేశావేం? నేను రాసింది రాసినట్టు చదవవా?' అని ఏడుస్తోందట. ఈయన గొంతు, 'నోర్ముయ్. చదివేది నేను, పేరు నాది' అందట. మావయ్య రాత్రి అన్నం కూడా తినలేదండీ. ఇవాళ పొద్దున ఈయనకే చెప్పాడు, 'ఇప్పటికైనా పుస్తకం మీద మీ చెల్లెలి పేరు వేయిద్దాం, మీరే వేయించండి, మీకే గౌరవంగా ఉంటుంది' అని. ఈయన మంచివాడనుకున్నాడు మా పిచ్చి మావయ్య!"

"ఈ మాట నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు మా మరిది.

"చెప్పనిచ్చారా? నోరు తెరిస్తే కోర్టులో చెప్పుకో అన్నారుగా!"

వాడు తల వంచుకున్నాడు. ఇంకో రోజైతే ఆ దృశ్యానికి నేను సంతోషించేదాన్ని.

"చెల్లెలు ఎక్కడుంటుంది?" అని అడిగాను.

"ఈయన ఇంట్లోనే. మూడు వీధుల అవతల. వెనక గదిలో. మతి చెడిందని చెప్పి ఎవర్నీ కలవనివ్వరు" అంది మేనకోడలు.

ముప్ఫై ఏళ్లు. ఒకావిడ వెనక గదిలో కూర్చుని రాసిస్తుంటే, ఈయన ముందు గదిలో దండలు వేయించుకున్నాడు. నేను చాలామంది దొంగల్ని చూశాను. ఇల్లు కాల్చి క్లెయిము అడిగినవాళ్లని, కన్నతండ్రి బతికుండగానే మరణపత్రం తెచ్చినవాళ్లని కూడా. ఇంత అసహ్యం ఎవరి మీదా పుట్టలేదు.

"ఆవిడ పిచ్చిది" అన్నాడు కంచుకంఠం. "దాని మాట చెల్లదు. టేపు మీ దగ్గర లేదు."

మా మరిది టోపీ సర్దుకున్నాడు. నాతో కాదు, మేనకోడలితో మాట్లాడాడు. "చూడమ్మా, గడియారం లెక్క నాకు నచ్చింది. కానీ మేజిస్ట్రేటు ఎందుకు చంపాడని అడుగుతాడు. నీ మాట ఒక్కటే చాలదు, నువ్వు ముద్దాయివి. ఆ చెల్లెలుగారు వచ్చి, 'అవును, రాసింది నేనే' అని ఒక్క ముక్క చెబితే నిన్ను ఇక్కణ్ణుంచే పంపించేస్తాను. మీ పాప స్కూలుకి జీపులో దింపుతాను. పిచ్చో కాదో డాక్టరు చెబుతాడు. కానిస్టేబుల్, వెళ్లి ఆవిణ్ణి తీసుకురా."

"లేపకండి" అన్నాడు కంచుకంఠం.

ఆ గొంతులో కంచు లేదు. మామూలు ముసలివాడి గొంతు.

"ఎందుకు లేపకూడదు?" అన్నాను.

"నిద్రపోతోంది. మందిచ్చి వచ్చాను."

"ఎప్పుడు? నువ్వు పన్నెండున్నర నుంచీ పోలీసుల దగ్గరే ఉన్నావుగా?"

ఆయన మా మరిది వైపు చూశాడు. మా మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనే పంపించాను వదినా" అన్నాడు గొణుగుతూ. "ఒంట్లో బాగాలేని చెల్లెలుంది, వేళకి మందు పడకపోతే కష్టం అన్నాడు. పెద్దమనిషి, సాక్షి, చేతిలో గుడ్డసంచి తప్ప ఏమీ లేదు. పావుగంటలో వచ్చేశాడు."

గుడ్డసంచి! టేపు చుట్ట పట్టేంత సంచి. అది ఇప్పుడు ఆయన చేతిలో లేదు.

నేను కంచుకంఠం చొక్కా పట్టుకున్నాను. "ఎన్ని మాత్రలిచ్చావ్?"

"లెక్కపెట్టలేదు" అన్నాడు. "సీసాలో ఉన్నన్ని పాలల్లో కలిపాను. అది అడగలేదు. నేనేం ఇచ్చినా అడగదు."

"టైమెంత అప్పుడు?"

"ఒకటిన్నర."

బల్ల మీద మా మరిది వాచీ మూడూ ఇరవై చూపిస్తోంది. మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మరుక్షణం అందరికన్నా ముందు మెట్ల వైపు పరుగెత్తింది. ఆమెను ఎవరూ ఆపలేదు. మా మరిది "డాక్టరుకి ఫోన్ చెయ్యండి!" అని అరుస్తూ ఆమె వెనకాలే దూకాడు.

ఏభై రెండేళ్ల నా బతుకులో ఎవరి మొహం మీదా ఉమ్మలేదు. ఆ పని కూడా చేసి, ఆయన్ని కానిస్టేబుల్‌కి వదిలేసి మెట్లు దిగాను.